పోచంపల్లి పట్టుచీర, రెండు దుప్పట్లు: ఏడాదిన్నర వాడాక నా మాట

ముందు నా దగ్గరున్న దొంగ పోచంపల్లి సంగతి చెప్పి, తరువాత అసలు దాని దగ్గరికి వస్తాను. మొదటిది కొని మోసపోకపోతే రెండోదాని కోసం ఇల్లు కదిలేదాన్ని కాదు.

2023 ఆగస్టు 7, సోమవారం. జాతీయ చేనేత దినోత్సవం కాబట్టి అందరూ చేనేత బట్టలే కట్టుకు రావాలని మా కార్యాలయంలో ముందే చెప్పారు. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారని, ఆ గుర్తుగా 2015 నుంచి ఈ దినోత్సవం జరుపుతున్నారని మా అధికారి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు. నేను ఆకుపచ్చ మీద తెల్ల గళ్ల చీర కట్టుకున్నాను. హైదరాబాద్ నగరంలో ఒక పెద్ద దుకాణంలో 2,600 రూపాయలు పెట్టి కొన్నది. పెట్టె మీద బంగారు అక్షరాలతో 'పోచంపల్లి పట్టు' అని ఉంది. ఆ అక్షరాలు చూసే కొన్నానని ఒప్పుకుంటాను.

ఫొటోలు తీసుకున్నాం, టీలు తాగాం. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. నల్గొండ వైపు నేత కుటుంబం వాళ్లది. నా కొంగు చేతిలోకి తీసుకుని, ఒకసారి తిరగేసి చూసి, ఏమీ అనకుండా వదిలేసింది. బాగుందనో బాగా లేదనో అంటే పట్టించుకునేదాన్ని కాదు. ఏమీ అనకపోయేసరికి మధ్యాహ్నం దాకా మనసు మనసులో లేదు. భోజనాల దగ్గర నేనే అడిగాను.

"మీరు ఏమీ అనుకోకపోతే చెబుతాను మేడమ్. ఇది అచ్చు వేసిన బట్ట. పట్టు కూడా కాదు."

కొంగు కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించింది. పోగు కరిగి, చివర ఆవగింజంత నల్లటి పూసలా గట్టిపడింది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుందట, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుందట. తరువాత చీర లోపలి వైపు చూపించింది. పైన ఉన్న తెల్ల గళ్లు లోపల వెలిసిపోయినట్టు ఉన్నాయి. నాలుగేళ్లుగా కట్టుకుంటున్నాను, ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. "ఇక్కత్‌లో బట్టకు కాదు మేడమ్, నూలుకే రంగు వేస్తారు. ఒక్క పోగు లాగితే ఆ పోగులోనే కొంత ఆకుపచ్చ, కొంత తెలుపు, మళ్లీ ఆకుపచ్చ ఉండాలి" అంది.

నాలుగేళ్ల తరువాత దుకాణానికి పోయి అడిగితే తిరిగి తీసుకుంటారా? తీసుకోరని తెలిసీ వెళ్లాను. అక్కడి కుర్రవాడు చాలా మర్యాదగా, "ఇది కూడా మన దేశంలో తయారైనదే కదమ్మా" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎక్కడో మన దేశంలోనే మరమగ్గం మీద నేసి, మన దేశంలోనే అచ్చు వేసి ఉంటారు. దాని వల్ల కూడా ఎవరికో కూలి గిట్టింది. మరమగ్గం మీద నాకు పగేమీ లేదు. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర రాత్రీ పగలూ నిలబడేదీ నేతవాళ్లే. 2017 నుంచి కొన్నేళ్లు తెలంగాణలో పంచిన బతుకమ్మ చీరల్లో చాలావరకు ఆ మగ్గాల మీద నేసినవే, అలాగే చెప్పి పంచారు. పోచంపల్లి అని పేరు పెట్టి, పోచంపల్లివాళ్ల చేతికి పైసా వెళ్లకుండా అమ్ముకోవడం దగ్గరే నాకు మండింది. ఆ పేరు అక్కడి నేతకే చెందుతుందని చెప్పే భౌగోళిక గుర్తింపు 2005 ప్రాంతంలోనే వచ్చింది. అయినా పెట్టె మీద అక్షరాలు అచ్చు వేయడానికి ఎవరి అడ్డూ ఉన్నట్టు లేదు.

దసరాకు ముందు ఒక ఆదివారం మా మరిది కారులో పోచంపల్లికి బయలుదేరాం. విజయవాడ హైవే మీద కొంత దూరం పోయి ఎడమకు తిరగాలి. నగరం నుంచి 50 కిలోమీటర్ల లోపే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పేదల కోసం భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిన ఊరు అది, భూదాన్ పోచంపల్లి అన్న పేరు అలా వచ్చింది. మా వారికి ముందు ఆ స్థలం చూడాలని ఉంది. నాకు చీర కావాలి. ఆయన్ను అటు పంపించి నేను ఇటు వెళ్లాను.

బజారు వీధిలో వరసగా దుకాణాలున్నాయి. వాటిలోనూ మంచివి దొరుకుతాయి, కానీ మా సెక్షన్ అమ్మాయి తెలిసినవాళ్ల ఇల్లు చెప్పింది. రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో నూలు. నేసే ఆయనకు 45 ఏళ్లుంటాయి. భార్య, తల్లి, ముగ్గురిదీ అదే పని. ఆ ముసలావిడ నన్ను చూడగానే "చాయ్ తాగుతావా బిడ్డా" అని అడిగింది. చీరలు చూపించడం ఆ తరువాతే.

నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఆసు, అంటే రంగుకు ముందు నూలును వరసగా చుట్టుకునే పని. అర్ధచంద్రాకారపు చట్రం, దాని అంచు చుట్టూ వరసగా మేకులు, మధ్యలో ఒక మేకు. పేక నూలును, అంటే చీరలో అడ్డంగా నడిచే పోగును, మధ్య మేకు నుంచి అంచు మేకుకు, అక్కడి నుంచి మళ్లీ మధ్యకు, ఒక్కొక్కదానికి తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి ఇలా కొన్ని వేల సార్లు అటూ ఇటూ ఊగాలి. చేత్తో అయితే ఒక చీరకే నాలుగైదు గంటలు పడుతుంది. పూర్వం ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. ఈ బాధ చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, పెద్ద చదువులు లేకపోయినా ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి తల్లి పేరు కలిపి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లోనూ అలాంటి యంత్రం ఒక మూల గరగరమని తిరుగుతోంది. నేను చెయ్యి ఎలా తిప్పేవారో చూపించమంటే ముసలావిడ గాలిలోనే చూపించబోయి, భుజం ఎత్తు దాకా వచ్చేసరికి ఆపేసింది. "ఇంతకన్నా లేవదు బిడ్డా. యంత్రం ఆలస్యంగా వచ్చింది నాకు" అంది నవ్వుతూ.

ఆ నూలు మీద బొమ్మ గుర్తులు పెట్టుకుని, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా కోసిన ముక్కలతో బిగించి కడతారు. దీన్ని చిటికి కట్టడం అంటారు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, వేరే చోట కట్టి, ఇంకో రంగు. ఆ తరువాత నూలును కండెలకు చుట్టి వరస తప్పకుండా పెట్టుకోవాలి. ఒక్క కండె అటుదిటు అయితే ఏనుగు తల ఒకచోట, తొండం ఒకచోట పడుతుంది. నేసే ఆయన పేక కండె ఉన్న నాడె విసిరిన ప్రతిసారీ, పోగును దగ్గరికి బిగించే అచ్చు కొట్టే ముందు వేలి కొనతో పేకను వెంట్రుక వాసి జరిపి బొమ్మ మీదికి తెస్తున్నాడు. నేను పది నిమిషాలు చూశాను. ఒక్కసారి కూడా జరపకుండా కొట్టలేదు.

నేను తీసుకున్నది వంగపండు రంగు పట్టుచీర, ఒళ్లంతా చిన్న గళ్లు, గడికో ఏనుగు, అంచు పసుపు. పేక ఇక్కత్ మాత్రమే. నిలువు పోగులైన పడుగూ, పేకా రెండూ కట్టి నేసిన డబుల్ ఇక్కత్ నా చేతికి అందే ధరలో లేదు. ఆయన పదివేలు అన్నాడు. నేను అలవాటు కొద్దీ బేరమాడి 9,800కు తెచ్చాను. దాంతో పాటు నూలు దుప్పట్లు రెండు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు.

డబ్బు ఎలా పంచుకుంటారని అడిగాను. ఖాతాలు రాసే ఉద్యోగం కదా, నోరు ఊరుకోదు. ఆయన దాచకుండా చెప్పాడు. పట్టునూలు బెంగళూరు నుంచి వస్తుంది, చీరకు 3,500 దాకా. రంగులూ మిగతావీ కలిపి 400. ఒక పడుగుకు ఏడు చీరలు, అవి దిగడానికి ముగ్గురికీ నెలన్నర. ఇంటికి వచ్చాక కాగితం మీద వేసుకున్నాను. చీరకు మిగిలేది 5,900, ఏడు చీరలకు 41,300. దాన్ని ముగ్గురి 45 రోజులతో భాగిస్తే మనిషికి రోజుకు 306 రూపాయలు. మా వీధిలో ఇల్లు కడుతున్నారు, సిమెంటు కలిపే కూలీకి దానికి రెట్టింపు ఇస్తున్నారు. అదీ నేను నేరుగా కొన్నాను కాబట్టి. షావుకారు నూలిచ్చి నేయిస్తే మజూరీ ఇంకా తక్కువట. అలాంటి చీరే నగరంలో 15,500 చీటీతో చూశాను. బేరమాడి తగ్గించుకున్న ఆ 200 ఇప్పటికీ నా లెక్కలో విడిగా కనిపిస్తూ ఉంటుంది.

ఇక వాడకం. చీర ఇప్పటికి తొమ్మిదిసార్లు కట్టాను. మెత్తగా ఒంటికి పడుతుంది, కుచ్చిళ్లు చెప్పినట్టు నిలబడతాయి. పెళ్లిలో ఆరు గంటలు కూర్చున్నా బరువనిపించలేదు. ఏనుగుల అంచులు గీత గీసినట్టు ఉండవు, నీళ్లలో తడిసిన సిరాలా కొద్దిగా పక్కకు పాకి ఉంటాయి. రెండు వైపులా ఒకటే రంగు. కొంగు చివర ఒక అడ్డ పోగు లాగి చూసుకున్నాను కూడా. వంగపండు, తెలుపు, మళ్లీ వంగపండు. ఎడమ భుజం మీదికి వచ్చే చోట ఒక ఏనుగు తొండం నూలు పోగంత పక్కకు జరిగింది. చేతి పని కదా, అదే అందం అనేవాళ్లుంటారు. నేను అనను, అది తప్పే. కానీ నాకు తప్ప ఎవరికీ కనపడలేదు. జాకెట్టు ముక్క మాత్రం పొట్టి, మోచేతుల దాకా కుట్టించుకునేవాళ్లకు చాలదు. చీరకు ఐదుకు నాలుగున్నర.

దుప్పట్ల దగ్గర అంత ఉదారంగా ఉండలేను. కళ్లుప్పు వేసిన చల్లటి నీళ్లలో నానబెట్టి ఉతకమని చెప్పారు. అలాగే చేశాను. అయినా ఎరుపుది మొదటి మూడు ఉతుకుల దాకా రంగు వదిలింది. రెండో ఉతుకులో మా వారి తెల్ల బనియన్లు నాలుగు గులాబీ రంగుకు తిరిగాయి. ఆయన అవే వేసుకుని వారం రోజులు నా ముందు తిరిగారు. ఇప్పుడు రంగు పోవడం ఆగింది, కానీ బట్ట పొడవులో జానెడు కుదించుకుపోయింది, పరుపు కిందికి దోపడానికి మిగలడం లేదు. నలుపుకు ఏ బాధా లేదు. బట్ట మాత్రం రెండూ ఉతికినకొద్దీ మెత్తబడుతున్నాయి, ఎక్కడా పోగు లేవలేదు. ఎండాకాలం పడుకుంటే ఒళ్లు చల్లగా ఉంటుంది. 1,600 పెట్టి కొన్నాను ఒక్కొక్కటి. ఎరుపుకు రెండున్నర, నలుపుకు నాలుగు.

ఇంటి దగ్గర కొనేటప్పుడు బిల్లు ఉండదు, మార్చుకోవడం ఉండదు. డబ్బు ఫోనులో పంపించుకోవచ్చు. బిల్లు కావాలంటే సహకార సంఘం దగ్గరో దుకాణంలోనో కొనండి, పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ చీటీలు ఉన్నాయో లేదో చూడండి. చీటీ ఉన్నా సరే, లోపలి వైపు తిరగేసి చూడండి. ఫోనులో చెప్పి చేయించుకుంటే వానాకాలంలో తొందర పెట్టకూడదు. పోయిన జూలైలో మా అమ్మాయికి చున్నీ చెప్పాను. 15 రోజులన్నది 40 రోజులైంది. రంగు ఆరడం లేదని, మగ్గం గుంటలో చెమ్మ ఊరిందని ఆయన ఫొటో తీసి పంపాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం, ఫొటో చూశాక ఏమీ అనలేకపోయాను.

గత వారం ఇంకో దుప్పటి చెప్పాను. ఎరుపు వద్దు, నలుపే. కుదించుకుపోతుంది కాబట్టి పొడవు ఒక అడుగు, వెడల్పు కూడా ఒక అడుగు ఎక్కువ పెట్టమన్నాను. "పొడవు ఎంతయినా పెడతానమ్మా, వెడల్పు మగ్గానిది, నా చేతిలో లేదు" అన్నాడు. సరేనని 500 ముందుగా పంపాను. ఈసారి బేరమాడలేదు. ఆ మాట మా వారితో అంటే, ఒంటి మీది గులాబీ బనియను ఒకసారి సర్దుకుని, పేపరు చదువుకుంటూ కూర్చున్నారు.