ఆ నీలం లైటు కోడింగ్ సార్‌కి డబ్బు కట్టకండి

మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. రీల్స్‌లో నల్ల టీషర్టు, వెనక నీలం లైటు, "డౌటొస్తే అర్ధరాత్రైనా అడగండి తమ్ముళ్లూ" అంటాడే, ఆయనే. మొన్న రాత్రి దాకా నాకూ సారే. మాది పర్లాకిమిడి, నేను వెళ్లిన కంప్యూటర్ క్లాసులో అంతా ఒడియాలోనే చెప్పేవారు, తెలుగులో చెప్పేవాడు దొరికాడని సంబరపడి ఇంట్లో మాటైనా చెప్పకుండా పైథాన్ అనే కోడింగ్ భాష కోర్సుకి 2,999 యూపీఐ చేసేశాను. తెలివి!

ఆయన పీడీఎఫ్ నోట్స్ మొదటి పేజీలో ప్రింట్ అని, పక్కన కోట్స్‌లో హలో అని ఉంది. ఉన్నదున్నట్టు కొట్టాను, ఎర్రర్. చెరిపి మళ్లీ కొట్టాను, అదే ఎర్రర్. గంటన్నర కుస్తీ పట్టి, చివరికి స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి (సగం లైను తెగిపోయింది, ఒప్పుకుంటున్నా) గ్రూపులో పెట్టి "సార్, ఇదేటి ఇలగొస్తంది?" అని అడిగాను.

జవాబేంటో తెలుసా? "ఇదేటి! ముందు తెలుగు నేర్చుకో బాబూ, తర్వాత పైథాన్." కింద నాలుగు నవ్వు బొమ్మలు. ఇక మిగతావాళ్లు అందుకున్నారు. ఒకడు "ఏటి సార్ ఏటి" అని, ఇంకొకడైతే వాయిస్ నోట్‌లో మా యాస పలికి మరీ. డబ్బు పడ్డ రోజు "తెలుగు పిల్లలు ఏ రాష్ట్రంలో ఉన్నా నావాళ్లే" అన్నది కూడా ఈ నోరే. మా తాత ఒడిశాలో ఉండి వదలకుండా పట్టుకున్న తెలుగు అది, నీకు కామెడీ అయిందా? డబ్బు వెనక్కివ్వమన్నాను. రెండు నిమిషాల్లో నన్ను తీసేశాడు, గ్రూపూ లేదు, చాటూ లేదు.

తర్వాత ఒక ఉచిత గ్రూపులో ముక్కూమొహం తెలియని అక్క ఎవరో "వెర్షనెంత? ఎర్రర్ కాపీ చేసి పెట్టు" అంది. పెట్టిన ఐదు నిమిషాలకే తేలిపోయింది. ఆ నోట్స్ పైథాన్ 2వి, నా దగ్గరున్నది 3, ఇందులో ప్రింట్‌కి బ్రాకెట్లు తప్పనిసరి. 2కి సపోర్ట్ 2020 జనవరి 1తోనే ఆపేశారట. మా కిరాణా కొట్లో డేటైపోయిన బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే మొహాన కొట్టి పోతారు, ఈయన మాత్రం దాన్నే 2,999కి అమ్మి, తిననివాణ్ణి చూసి నవ్వుతాడు. ఎర్రర్‌లో "మిస్సింగ్ పేరెంథసీస్" అని రాసే ఉంది, అవి మన బ్రాకెట్లేనని నాకు తెలిస్తే కదా!

కట్టేముందు నోట్స్ ఒక పేజీ అడిగి చూడండి, ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే వదిలేయండి. ఎక్కడ అడిగినా ఫొటోలు వద్దు, కోడూ ఎర్రరూ కాపీ చేసి, వెర్షన్ రాసి పెట్టండి. ఇప్పటికే కట్టినవాళ్లు చాట్ స్క్రీన్‌షాట్లు ఇప్పుడే తీసుకుని ఉంచండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తున్నాను, చూపించడానికి నా దగ్గర యూపీఐ రసీదు ఒక్కటే మిగిలింది.