మూడు చలికాలాలు వాడిన వాటర్‌మేకర్: వెనక్కి తీసుకుంటున్న ఒక పొగడ్త

సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే ఈ వాటర్‌మేకర్ కొన్న మొదటి ఏడాది అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ దీని గొప్ప చెప్పాను. అందులో ఒక మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. ముందు ఆ గొప్ప ఎందుకు చెప్పానో చెబుతాను.

మేం నలుగురం 38 అడుగుల తెరచాప పడవలో ఉంటాం. అమ్మాయికి పదకొండేళ్లు, అబ్బాయికి ఏడు. నవంబరు దాటాక ఫ్లోరిడా నుంచి బహామాస్ వెళ్లి ఎక్సూమా దీవుల మధ్య తిరుగుతాం. జూన్‌లో హరికేన్ల కాలం మొదలయ్యేలోపు వెనక్కి వచ్చేస్తాం. ఆ దీవుల్లో ఏరులు లేవు, చలికాలంలో వానా తక్కువే. చాలాచోట్ల నీళ్లు గ్యాలన్ల లెక్కన కొనాలి. అక్కడి జార్జిటౌన్ ఊళ్లో డింగీలు (ఒడ్డుకు వెళ్లొచ్చే చిన్న పడవలు) కట్టే రేవు దగ్గర కొళాయి నీళ్లు ఉచితమే. కానీ మేం లంగరు వేసేది అవతలి ఒడ్డున, పడవల పిల్లలంతా చేరే స్టాకింగ్ దీవి దగ్గర. 20 లీటర్ల డబ్బాలు ఆరు నింపుకుని ఎదురుగాలిలో డింగీ నడుపుకుంటూ వస్తే, ఒంటిమీద పడిన ఉప్పునీరు కడుక్కోవడానికే ఒక డబ్బా అయిపోతుంది.

నేను కనిగిరి వైపు పుట్టినవాణ్ణి. ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగలేక ప్లాంటు దగ్గర క్యాను పట్టుకుని వరసలో నిలబడినవాణ్ణి. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే, ఉప్పును ఆపే సన్నటి పొర (మెంబ్రేన్) గుండా నీటిని బలవంతంగా తోయడం. సముద్రపు నీటికి మాత్రం చదరపు అంగుళానికి సుమారు 800 పౌండ్ల ఒత్తిడి కావాలి. బయటికి పోయే ఉప్పునీటి ఒత్తిడినే మళ్లీ వాడుకోవడం వల్ల ఈ యంత్రం 12 వోల్టుల బ్యాటరీ మీద, తొమ్మిది పది ఆంపియర్లతో ఆ పని చేస్తుంది. గంటకు 24 లీటర్లు. మిగతా వివరాలు కంపెనీ వాళ్లే చెబుతారు. నాకు ముఖ్యమైంది ఒక చెంబు. పిల్లలు రోజుకు ఎన్నిసార్లు సముద్రంలో దూకినా, పైకి ఎక్కిన ప్రతిసారీ తలా ఒక చెంబు మంచినీళ్లు పోయగలిగాం. అంతకుముందు ఉప్పు ఆరిన ఒంటితో పడుకుని చిన్నవాడికి మోకాళ్ల వెనక దద్దుర్లు వచ్చేవి. అవి పోయాయి.

రెండో చలికాలం వచ్చేసరికి గంటకు 26 లీటర్లు వచ్చాయి. ఆ తర్వాత 28. అమ్మాయి లెక్కల పాఠం కింద దానికి గ్రాఫు గీసింది. "నాన్నా, మన యంత్రానికి బలం వస్తోంది" అన్నాడు చిన్నవాడు. వాడైతే ఏడేళ్లవాడు. పాతబడేకొద్దీ ఎక్కువ నీళ్లిస్తోందని పక్క పడవల వాళ్ల దగ్గర నేనూ గొప్పలు పోయాను. వెనక్కి తీసుకోవాల్సిన మాట అదే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మా ఆవిడ మజ్జిగ రుచి చూసి, "ఇందులో అప్పుడే ఉప్పు వేశారా?" అని అడిగింది. నేను వేయలేదు. తనూ వేయలేదు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు అడుగున ఎక్కడో ఉంటే వెతికి తీసి ముంచితే 1,140 చూపించింది. కొత్తలో 280 ఉండేది. అమ్మాయి గ్రాఫులో ఎన్ని నీళ్లు వచ్చాయో ఉంది, ఎలాంటి నీళ్లో లేదు. అది రాయమని నేనే చెప్పలేదు.

యంత్రం వాడని రోజుల్లో వారానికి ఒకసారైనా ట్యాంకులోని మంచినీటితో మెంబ్రేన్‌ను కడగాలి. ఫ్లోరిడాలో మా ట్యాంకులో ఉండేది క్లోరిన్ కలిపిన ఊరి నీరు. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది కాబట్టి మధ్యలో కార్బన్ ఫిల్టరు ఉంటుంది. మొదటి చలికాలం తర్వాతి వేసవిలో నేను మార్చిన ఫిల్టరు పది అంగుళాలదే, గూట్లో చక్కగా కూర్చుంది. లోపల కార్బన్ మాత్రం లేదు. అది మట్టిని ఆపే మామూలు ఫిల్టరు. దుకాణంలో పొరపాటున ఇచ్చారు, నేను అట్టపెట్టె మీది అక్షరాలు చదవలేదు. అలా వేసవంతా క్రమం తప్పకుండా మెంబ్రేన్‌కు క్లోరిన్ పట్టించాను. చిల్లులు పడ్డ జల్లెడలాగా అది నీటినీ ఎక్కువ వదిలింది, ఉప్పునూ వదిలింది. ఉప్పు పెరిగితే ఆ నీటిని ట్యాంకులోకి పోనివ్వని ఏర్పాటు ఇంకాస్త ఖరీదైన మోడల్లో ఉంది. మిగిల్చిన డబ్బు ఎంతో ఇప్పుడు మా ఆవిడ ముందు చెప్పను.

కొత్త మెంబ్రేన్ ఫ్లోరిడా నుంచి సరుకుల పడవలో రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అది చాలా కంపెనీలు వాడే 40 అంగుళాల కొలతదే కావడం మా అదృష్టం. ఆ పంతొమ్మిది రోజులూ మళ్లీ డబ్బాలు మోశాం, దద్దుర్లూ తిరిగొచ్చాయి. యంత్రం ఉండేది చిన్నవాడి పడక కింద. విప్పి పెట్టిన రెండు రాత్రులూ వాడు భోజనాల బల్ల మీద పడుకున్నాడు, అదే వాడికి ఆ ఏడాది పెద్ద పండగ.

కొనమంటారా అంటే, పిల్లలు ఉండి, నెలల తరబడి లంగరు మీదే ఉండేవాళ్లయితే కొనమంటాను. ఇద్దరే ఉండి, తరచూ రేవుకు వెళ్లేవాళ్లకు డబ్బాలే చవక. నూనె తేలే ఓడరేవు నీళ్లలో దీన్ని నడపకూడదు కూడా. మాకు 400 లీటర్ల ట్యాంకు ఉంది. ఇంకాస్త పెద్దది ఉంటే నేనూ మరోలా ఆలోచించేవాణ్ణేమో.

ఇప్పుడు ఈతకొలనుల్లో క్లోరిన్ ఎంతుందో చూడటానికి వాడే పట్టీలు తెచ్చుకున్నాం. ఫిల్టరు దాటి వచ్చిన నీళ్లలో పట్టీ ముంచి చూసి, అమ్మాయి సరే అన్నాకే మెంబ్రేన్ కడగాలి. గ్రాఫులో రెండో గీత కూడా చేరింది. మొన్న ఆదివారం టీడీఎస్ 290, నీళ్లు గంటకు 23 లీటర్లు. ఒక లీటరు తగ్గిందని చిన్నవాడు దిగులు పడ్డాడు. మేమిద్దరం మాత్రం ఆ పూట పాయసం చేసుకున్నాం.