రాగి, కర్ర, ప్లాస్టిక్: మేజిక్ సామాను సేకరణకు ఏది మేలు?

మేజిక్ సామానుతో ఒక చిక్కు ఉంది. ప్రదర్శన ఇచ్చేవారికి ఎవరికీ అనుమానం రాని వస్తువు కావాలి. సేకరించేవారికి చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాని వస్తువు కావాలి. ఎర్ర లక్క మీద బంగారు డ్రాగన్ పాకుతున్న పెట్టెను బల్ల మీద పెట్టి చూడండి, ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడే ‘మతలబంతా ఆ పెట్టెలోనే ఉంది’ అనేస్తాడు. అదే పెట్టె అద్దాల అలమరలో ఉంటే ఇంటికి వచ్చినవారంతా దాని ముందే ఆగిపోతారు. ఈ రెండు అవసరాలూ ఒకే వస్తువులో కలవడం అరుదు. కలిసినచోటే డబ్బు పెట్టాలన్నది నా పట్టుదల.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారికి ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి: రాగి, ఇత్తడి సామాను, లేత్ మీద తిప్పిన కర్ర సామాను, జపాన్ ప్లాస్టిక్ సామాను. రంగులు వేసిన పెట్టెలది నాలుగో దారి. దాన్ని ముందే పక్కన పెట్టేస్తాను. వాటి మీద చిన్నచూపు ఉండి కాదు. ఒకిటో పేరుతో ప్రదర్శనలిచ్చిన డచ్చి ఇంద్రజాలికుడు థియో బాంబర్గ్ (1875–1963) చేతి పని చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. ఇంద్రజాలమే వృత్తిగా బతికిన వంశంలో ఆయనది ఆరో తరం. ఆ చేతిలోంచి వచ్చిన పెట్టె వేలానికి రావడమే అరుదు, వస్తే మధ్యతరగతి జేబుకు అందదు. ఇక ‘ఒకిటో శైలి’ అంటూ అమ్ముతున్న కొత్త పెట్టెల్లో చాలావాటికి ఉన్నదల్లా డ్రాగన్ స్టిక్కరే.

మూడింటినీ తూచడానికి కప్పులు–బంతుల ఆట మంచి తక్కెడ. బోర్లించిన కప్పుల కింద బంతులు మాయమవుతూ, మళ్లీ ప్రత్యక్షమయ్యే ఆట అది. ఇది చాలా పాతది. రోమన్ తత్వవేత్త సెనెకా రెండు వేల ఏళ్ల కిందటే ఒక లేఖలో ఈ ఆటను ప్రస్తావించాడు. అందులోని మోసమే తనకు ఇష్టమనీ, గుట్టు తెలిస్తే ఆసక్తి పోతుందనీ అంటాడు. సేకరించేవారి స్వభావం దీనికి సరిగ్గా తలకిందులు. గుట్టు తెలిశాకే మాకు అసలు ఆసక్తి మొదలవుతుంది.

రాగి కప్పుల విషయంలో అందరూ కొలబద్దగా తీసుకునేది అమెరికాలో పాల్ ఫాక్స్ రూపకల్పన చేయగా డానీ డ్యూ తయారుచేసిన కప్పులను. ఈనాటికీ చాలామంది తయారీదారులు ఆ రూపురేఖలనే అనుసరిస్తారు. రాగి రేకు నుంచి గుండ్రటి బిళ్ల కోసి, లేత్ మీద అచ్చుకు ఆనించి తిప్పుతూ, నున్నటి కడ్డీతో అదిమి అదిమి ఆకారానికి తెస్తారు. అదిమేకొద్దీ రాగి బిరుసెక్కుతుంది. మధ్యలో దించి, కాల్చి, మెత్తబరచి మళ్లీ ఎక్కించాలి. తొందరపడితే అంచు ముడత పడుతుంది, లేకపోతే చీలుతుంది.

అలా తయారైన కప్పును బోర్లించి కాస్త తీరిగ్గా చూడండి. మూతి చుట్టూ ఉన్న లావుపాటి కడియం వేళ్లకు పట్టునిస్తుంది, రేకు సొట్టపోకుండా కాపాడుతుంది. పైభాగంలో ఉన్న సన్నటి కడియం, ఒక కప్పు మీద మరొకటి బోర్లిస్తే అది ఎక్కడ ఆగాలో నిర్ణయిస్తుంది. అడుగు భాగం బోర్లించినప్పుడు పైకి వస్తుంది కదా, అక్కడ చిన్న పల్లం ఉంటుంది. దాని మీద పెట్టిన బంతి, బల్ల కదిలినా దొర్లిపోదు. చూసేవారికి ఇవన్నీ అలంకారంలా కనిపిస్తాయి, ఒక్కటి కూడా అలంకారం కాదు. పనికీ అందానికీ మధ్య ఇంత పొందిక నేను మరే మేజిక్ సామానులోనూ చూడలేదు.

పరీక్ష కూడా తేలికే. మూడు కప్పుల్నీ ఏ వరుసలో దొంతి పేర్చినా ఎత్తు ఒకేలా రావాలి. పై కప్పు ఎత్తితే కిందిది దానికి అంటుకుని రాకూడదు. చవక సెట్లలో వరుస మారిస్తే ఒక కప్పు పైకి పొడుచుకొస్తుంది, లేదా బిగుసుకుపోతుంది.

రాగికి లోపాలు లేకపోలేదు. మొదటిది చప్పుడు. బంతి తగిలినా, వేలి ఉంగరం తగిలినా ఖంగుమంటుంది. అందుకే మంచి బంతులు బెండు ముక్క మీద దారంతో అల్లినవి అయి ఉంటాయి. రెండోది మన ఇళ్లకే ప్రత్యేకమైన ప్రమాదం. రాగి వస్తువు నల్లబడితే చాలు, ఎవరో ఒకరు ప్రేమగా చింతపండు పెట్టి తోమేస్తారు. చెంబుకు అది మంచిదే. యాభై ఏళ్లు చేతుల్లో నలిగి తేనె రంగుకు వచ్చిన కప్పుకు మాత్రం అది శిక్ష. పులుపు ఆ పైపొరను కడిగేస్తుంది, పట్టు ఎక్కడ పడిందో చెప్పే నీడలు కూడా పోతాయి. పచ్చటి చిలుము ఉంటే మెత్తటి గుడ్డతో, అది ఉన్న మేరకే తుడవాలి. మిగతా నలుపును ఉండనివ్వండి.

లోహపు సామానులో ఒక చిన్న వస్తువు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒకిటో పేరుతోనే చలామణిలో ఉన్న నాణేల డబ్బీ అది, మూత ఉన్న గుండ్రటి ఇత్తడి డబ్బీ. అమెరికా తయారీవి ఎక్కువగా అక్కడి అర డాలరు కొలతకు చేస్తారు, అంటే 30.6 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు మాత్రమే, వేస్తే గిలక్కాయలా మోగుతుంది. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి అయితే 30.5కు అటూ ఇటూగా ఉంటుంది, బరువు కూడా దాదాపు అర డాలరుదే. తాతల నాటి వెండి రూపాయలు ఇంట్లో ఉన్నవారికి ఇది వరమే. అయితే టంకశాలను బట్టి, అరుగుదలను బట్టి కొలత మారుతుంది. నాణేలు పట్టుకెళ్లి వేసి చూశాకే కొనండి.

కర్ర దగ్గరికి వస్తే ముందు మన దేశపు కప్పుల గురించి చెప్పాలి. వీధి గారడీవాళ్లు వాడే కప్పు గంట ఆకారంలో ఉంటుంది, పైన సన్నటి మెడ, దాని మీద చిన్న బొడిపె. కర్రతో చేసినవీ ఉన్నాయి, ఇత్తడివీ ఉన్నాయి. ఆ బొడిపె వల్ల పైన బంతి నిలవదు, ఒకదాని మీద ఒకటి దొంతి పేర్చడం కుదరదు. పాశ్చాత్యుల ఆటలో సగం దీనితో చేయలేం. కానీ గారడీవాడు నేల మీద గొంతుక్కూర్చుని ఆడతాడు, జనం చుట్టూ నిలబడి పైనుంచి చూస్తారు. రెండు వేళ్ల మధ్య బొడిపె ఇరికించి కప్పు ఎత్తినప్పుడు మిగతా చెయ్యంతా ఖాళీగా, తెరిచి ఉన్నట్టు కనిపిస్తుంది. నేల మీది ఆటకు నేల మీదే పుట్టిన ఆకారం అది. కేరళలో వాళకున్నం నంబూద్రి కప్పులు–బంతుల ఆటతోనే పేరుమోశారు. విదేశీ సేకర్తలు మన పాత కప్పుల కోసం వెతుకుతుంటే, మనం వాటిని పాత సామాన్ల కొట్లో తూకానికి వదిలేస్తున్నాం.

కర్రలో రెండో ఆకర్షణ బంతి భరిణె. మూత తీస్తే బంతి, మూసి తీస్తే మాయం. పిల్లల మేజిక్ సెట్లలో ఎర్ర ప్లాస్టిక్‌తో వచ్చేది దీని వారసురాలే. లాస్ ఏంజెలెస్‌లో ఫ్లాయిడ్ థేయర్ కార్ఖానా లేత్ మీద తిప్పిన ఇలాంటి కర్ర సామానుకు పెట్టింది పేరు. 1942లో ఆ వ్యాపారం విలియం లార్సెన్ చేతికి వచ్చింది. 1963లో హాలీవుడ్‌లో మేజిక్ కాజిల్ అనే ఇంద్రజాలికుల క్లబ్బు తెరిచింది ఆ ఇంటివాళ్లే. మంచి భరిణెలో అతుకు ఎక్కడుందో కన్ను పట్టుకోలేదు, ఎందుకంటే లేత్ మీద వేసిన గీతల్లో అదీ ఒక గీత అయిపోతుంది. అక్కడ కూడా అందం పని చేస్తోంది కాబట్టే కర్రను రాగి పక్కన నిలబెడుతున్నాను.

ఇక్కడ మనకు ఒక వెసులుబాటు ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు తిప్పే చేతులకు ఈ పని కొత్తేమీ కాదు. అంకుడు కర్ర తేలిక, తెల్లగా నున్నగా తిరుగుతుంది. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. కుంకుమ భరిణె చేయగలిగినవారు బంతి భరిణె చేయలేరా? చేయగలరు, అయితే చేయించుకునేవారికి అడగడం తెలియాలి. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చేకన్నా బంతినే వారి చేతిలో పెట్టి రావడం మేలు. అతుకు కలిసే లోపలి అంచులకు లక్క వద్దని గట్టిగా చెప్పాలి. ఆ పలుచటి పూత మందమే మూతను బిగిసేలా చేస్తుంది. పసుపు, నీలి వంటి సహజ రంగులతో చేసిన ముక్క, అమెరికా నుంచి సుంకం కట్టి తెప్పించిన దానికన్నా అలమరలో నాకు ఎక్కువ ముచ్చటగా కనిపిస్తుంది. ఇది అభిమానమే అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

కర్రకు శత్రువు వాన. తేమ పీల్చిన కర్ర నిలువు కన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే గుండ్రంగా తిప్పిన మూత శ్రావణంలో కాస్త కోలగా మారి బిగుసుకుంటుంది. రోహిణి ఎండల్లో అదే మూత లొడలొడలాడుతుంది. విశాఖలో ఉండేవారికి ఒక బాధ, రామగుండంలో ఉండేవారికి ఇంకో బాధ. మూత బిగిస్తే నూనె రాయకండి, మెలితిప్పకండి. నాలుగు పొడి రోజులు ఆగితే అదే వస్తుంది. లక్క వస్తువును ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మాత్రం వేలిముద్రలు శాశ్వతంగా పడిపోతాయి.

ప్లాస్టిక్ అనగానే ముఖం చిట్లించేవారికి టెన్యో గురించి ఒక మాట. టోక్యోలో 1931లో మొదలైన ఈ సంస్థ పెద్ద దుకాణాల్లో కౌంటర్లు పెట్టి, అక్కడికక్కడే చేసి చూపిస్తూ ట్రిక్కులు అమ్మింది. అరచేతిలో పట్టే వస్తువులు, చూడటానికి బొమ్మల్లాగే ఉంటాయి. పనితనం వాటి పైపూతలో కనిపించదు, ఆలోచనలో ఉంటుంది. ఒక పలుచటి పలక, ఒక కోణం, ఒక అద్దం ముక్కతో కళ్లెదుటే అసాధ్యం జరిగిపోతుంది, అభ్యాసం పెద్దగా అక్కర్లేదు. ధర తక్కువ, కొత్తవి దొరుకుతాయి, మొదటి రోజే ఇంట్లోవాళ్లను నోరెళ్లబెట్టేలా చేయవచ్చు. కానీ వీటి సేకరణ సగం కాగితాల సేకరణ. అట్టపెట్టె, సూచనల కాగితం లేని పాత ముక్కకు సేకర్తల్లో విలువ బాగా పడిపోతుంది. ప్లాస్టిక్ పసుపుబారుతుంది, లోపలి రబ్బరు ఎండి తెగుతుంది, విరిగితే అతికించినా అతుకు కనిపిస్తుంది. రాగికి సొట్ట పడితే మంచి పనివాడు తీస్తాడు, కర్రకు లక్క మళ్లీ పట్టిస్తాడు. ప్లాస్టిక్‌కు వైద్యుడు లేడు.

అందుకని నా తీర్పు ఇలా ఉంటుంది. ఒకే ఒక్క వస్తువు కొంటానంటే రాగి కప్పులు కొనండి, కొంత ఆగి డబ్బు కూడబెట్టుకునైనా మంచివే కొనండి. వాడినకొద్దీ విలువ పెరిగేది ఈ మూడింటిలో అదొక్కటే. ఏళ్ల తరబడి మెల్లగా పెంచుకునే సేకరణ కావాలంటే కర్ర మేలు. మన దేశపు పాత కప్పులతో మొదలుపెట్టి, బంతి భరిణెలు చేయించుకుంటూ పోవచ్చు. ఈ దారిలో పోటీ కూడా తక్కువ. పన్నెండేళ్ల పిల్లలకు మేజిక్ మీద మనసు పుట్టించాలంటే మాత్రం మొదటి రెండూ పక్కన పెట్టి ప్లాస్టిక్ ఇవ్వండి. బరువైన రాగి కప్పులు పిల్లల చేతుల్లో జారి పాదాల మీద పడతాయి, పైగా ఆ ఆట నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

పాతవి కొనేటప్పుడు పేరును చూసి ధర ఒప్పుకోకండి. ప్రసిద్ధ తయారీదారుల ముద్రలను కొత్త వస్తువుల మీద కొట్టడం కష్టమైన పనేమీ కాదు. షికాగోలోని పాటర్ అండ్ పాటర్ వంటి వేలం సంస్థల పాత కేటలాగులు తిరగేస్తే అసలైనవి ఎలా ఉంటాయో కంటికి అలవాటవుతుంది. అమ్మేవారు దూరాన ఉండి ఫొటోలు మాత్రమే పంపితే, మూడు కప్పులనూ దొంతి పేర్చి పక్కనుంచి తీసినది ఒకటి, అదే దొంతిని వరుస మార్చి తీసినది మరొకటి అడగండి. భరిణె అయితే మూత పెట్టి ఒకటి, తీసి ఒకటి. ఆ ఫొటోలు పంపడానికి నసిగేవారితో బేరం మొదలుపెట్టకండి.