పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో పొలం: గిఫ్టు డీడ్ మేలా, వీలునామా మేలా?

ఏటా మార్గశిర లక్ష్మివారాలు అయిపోయి, ధాన్యం ఇంటికి చేరాక నాన్న ట్రంకు పెట్టె తీస్తారు. పట్టాలు, పాస్‌బుక్కులు, బాండ్లు అన్నీ మంచం మీద పరిచి, ఏది ఎక్కడుందో మాకు చూపిస్తారు. ఆయనకి 76 ఏళ్లు. ఈసారి అన్నయ్య ఒక మాట అన్నాడు: "ఇల్లూ పొలమూ ఇప్పుడే గిఫ్టు రాసేయండి నాన్నా. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ ఉండదు." అందులో దురాశ ఏమీ లేదు. హైదరాబాదు నుంచి మాటిమాటికీ సెలవు పెట్టి రావడం వాడికి నిజంగానే కష్టం. అయినా నేను ఒప్పుకోలేదు.

మా సంగతి కొంచెం చిక్కైనది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది, ఇప్పుడది ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇంటి నుంచి పొలానికి సైకిలు మీద పోయి వచ్చేస్తాం. కాగితాలు మాత్రం రెండు రాష్ట్రాలవి: ఇంటి పట్టా ఒడియాలో, పొలం పాస్‌బుక్ తెలుగులో. పేరు కూడా రెండు రకాలుగా ఉంది. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు, పట్టాలో చివర. ఈ పక్క జిల్లాల్లో తెలుగువాళ్ల ఇళ్లలో ఇది కొత్త కాదు. రేపు ఎవరైనా "ఈ ఇద్దరూ ఒకరేనా?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది మేమే.

ముందు గిఫ్టు సంగతి. దాన్ని తప్పకుండా రిజిస్టరు చేయాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి, ఇచ్చేవాళ్లు బతికుండగానే పుచ్చుకునేవాళ్లు ఒప్పుకోవాలి. భూమి ఎక్కడుంటే అక్కడి సబ్ రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్లాలి కాబట్టి మాకు రెండు పత్రాలు, రెండు రాష్ట్రాల స్టాంపు సుంకాలు. లాభం లేదని అనను. హక్కు ఆ రోజే మారిపోతుంది, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) నాన్న దగ్గరుండి చేయించవచ్చు, రేపు చెల్లికీ అన్నయ్యకీ మధ్య వాదనకి చోటుండదు.

కానీ ఒకసారి ఇచ్చాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడానికి లేదు. నాకు భయం అక్కడే. మా పెదనాన్న ఉన్న ఒక్క ఇల్లూ కొడుక్కి గిఫ్టు రాసేశారు. "నా వాడే కదా" అనుకుని ఒక్క షరతూ పెట్టలేదు. మూడేళ్లకి ఆ ఇంట్లో ఆయన మంచం వరండాలోకి వచ్చింది. కొట్టలేదు, తిట్టలేదు, అన్నం పెట్టారు. కానీ ఎవరింట్లోనో ఉన్నట్టు ప్రతిదానికీ అడిగి ఉండాల్సి వచ్చేది. ఆ మంచం నా కళ్ల ముందు నుంచి పోదు.

దీనికి చట్టంలో దారి ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలనే షరతు మీద ఆస్తి ఇస్తే, చూసుకోనప్పుడు ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. అయితే ఆ షరతు మీదే ఇచ్చినట్టు చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే గిఫ్టు తప్పదనుకునేవాళ్లు పోషణ షరతూ, "మేం బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు మాదే" అన్న మాటా పత్రంలోనే రాయించాలి. నోటిమాట చాలదు.

ఇక వీలునామా. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. స్టాంపు సుంకం లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. చేయిస్తేనే మంచిదని నా అభిప్రాయం. మాలాంటి సరిహద్దు కుటుంబాలకి పెద్ద వెసులుబాటు ఏమిటంటే, రెండు రాష్ట్రాల ఆస్తినీ ఒకే వీలునామాలో రాయవచ్చు, ఏదో ఒక రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించవచ్చు. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. అన్నిటికీ మించి నాన్న ఉన్నంతకాలం ఇల్లు నాన్నదే.

దీనికీ లోపాలున్నాయి. పోయాక ఎవరైనా కాదంటే కోర్టులో సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాలి. అందుకే నాన్న ఈడు స్నేహితుల్ని కాకుండా వయసులో చిన్నవాళ్లని, ఆస్తిలో ఏమీ రానివాళ్లని పెట్టమన్నాను. ఆ వారంలోనే డాక్టరు దగ్గర, మనసు నిలకడగా ఉందని ఒక సర్టిఫికెట్ తీసుకుంటే ఇంకా మంచిది. పేర్ల తేడా సంగతి కూడా వీలునామాలోనే రాయించాం: ఈ రెండు పేర్లూ నావే అని. మరొకటి: పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే రాయగలరు. 2005 సవరణ తర్వాత అందులో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది.

ఏమీ రాయకుండా వదిలేస్తే? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్న వాటా అమ్మకీ పిల్లలందరికీ సమానంగా వస్తుంది. పోయిన మనిషి తల్లి బతికుంటే ఆమెకీ భాగం ఉంటుంది, చాలామంది దీన్ని మరిచిపోతారు. పంచడం న్యాయంగానే ఉంటుంది గానీ అమ్మ ఉంటున్న ఇంట్లో నలుగురికి వాటా అయిపోతుంది.

బ్యాంకు నామినేషన్‌తో సరిపోతుందని బావగారు అన్నారు. సరిపోదు. నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ, దాంతోనే సొంతదారు అయిపోరు. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్‌కి నలుగురిని దాకా నామినీలుగా, శాతాలతో సహా పెట్టుకోవచ్చు. వీలునామాలో ఉన్న పేర్లే అక్కడా ఉండేలా చూసుకుంటే గొడవ తగ్గుతుంది. మాది చూస్తే, ఒక ఖాతాలో ఇంకా చనిపోయిన మా మామ్మ పేరే ఉంది!

మా ఇంటికి నేను చెప్పింది ఇదీ. ఇల్లు వీలునామాలోనే ఉండాలి: నాన్న తర్వాత అమ్మకి జీవితకాలం, ఆమె తర్వాత ముగ్గురికీ. పొలంలో చెల్లి వాటా ఇప్పుడే గిఫ్టుగా ఇవ్వాలని నాన్నకి ఉంటే ఇవ్వవచ్చు, దానిమీద ఎవరి నివాసమూ ఆధారపడి లేదు. ఉన్న ఒక్క ఇంటిని మాత్రం, అందులో ఉంటూ, ఎంత మంచి బిడ్డకైనా రాసివ్వకూడదు.

అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పెదనాన్న సంగతి నాకూ గుర్తుంది" అన్నాడు. జనవరి మొదటి వారంలో రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తున్నాం. అమ్మ కూడా వస్తానంది. ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఎవరికి ఏది చెందాలో తన చేత్తో వేరే వీలునామా రాసుకుంటుందట.