పండగ ముందు కొన్న కోవిడ్ టెస్ట్ కిట్లు: మాకు జరిగింది చదివి, చూసుకుని కొనండి

ఈ 2022 సంక్రాంతికి ఇంట్లో నలుగురూ కలవాలని హోమ్ టెస్ట్ కిట్లు కొన్నాం. ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర కొనడం వల్ల మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళం. ముందు ఇంకా పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ ఉన్నాయి, ఈ జనవరిలో కేసులు తగ్గలేదు. ఇలాగే ఆఖరి నిమిషంలో కిట్లు వెతుక్కునే వాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర ఊరు. ఉండేది కూకట్‌పల్లిలో. ఏటా పండక్కి ఊరెళ్తాం. ఈసారి ఒమిక్రాన్ కేసులు పెరగడం, తెలంగాణలో 8వ తేదీ నుంచే బడులకు సెలవులు ఇచ్చేయడం, అటు ఆంధ్రాలో రాత్రి కర్ఫ్యూ అని ఒకరోజు, పండగ అయ్యాక 18 నుంచి అని మరొక రోజు వార్తలు రావడంతో ఏమీ తేల్చుకోలేకపోయాం. విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులు తలుచుకుని 10వ తేదీ రాత్రి ప్రయాణం మానేశాం. తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "అక్కా, ఊరెళ్ళకపోతే పోనీ, అందరం మీ ఇంటికే వచ్చేస్తాం. మా చంటిదానికి భోగిపళ్ళు అమ్మ చేత్తో పోయించాలి" అన్నాడు. రెండేళ్ళుగా అమ్మ వాడిని ఫోన్‌లో తప్ప చూడలేదు. కాదనలేకపోయాను.

అమ్మకు 74 ఏళ్ళు. షుగర్ ఉంది, చలికాలం వస్తే ఆయాసం. రెండో డోసు మే నెలలో వేసుకుంది, తొమ్మిది నెలలు నిండలేదు కాబట్టి 2022 జనవరి 10 నుంచి పెద్దవాళ్ళకు ఇచ్చిన ప్రికాషన్ డోసుకు (మూడో డోసు) అప్పటికి అర్హత రాలేదు. అందుకని ఒక షరతు పెట్టాను. వచ్చినవాళ్ళందరూ టెస్ట్ చేసుకున్నాకే అమ్మ గదిలోకి వెళ్ళాలి. తొమ్మిది మందిమి, ఒకటి ఎక్కువ ఉండనీ అని పది కిట్లు కావాలి.

మా కాలనీలో మూడు మందుల షాపులు తిరిగాను. రెండింట్లో స్టాకు లేదు. మూడో దాంట్లో రెండే ఉన్నాయి, ఒక్కోటి 250 రూపాయలు. రెండు కొంటే మిగతా ఎనిమిదీ ఎక్కడ వెతకను అనుకుని వదిలేసి వచ్చాను. సరిగ్గా అదే సాయంత్రం అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన పోస్టు పెట్టాడు: సర్జికల్ సరుకు హోల్‌సేల్, ఎన్ని కావాలన్నా ఉన్నాయి, ఒక్కోటి 190, డబ్బు ముందే యూపీఐ చేయాలి, 12న ఇంటికే తెచ్చిస్తాం. గ్రూపులో ఎవరో "నేను మాస్కులు తీసుకున్నాను, మంచివే" అని కింద రాశారు. ఆ ఒక్క మాటను నమ్మి 1900 పంపాను. బిల్లు అడిగితే సరుకుతో పాటు ఇస్తామన్నారు.

12న రాలేదు. ఆ రాత్రికి తమ్ముడు, మరదలు, పాప కారులో దిగారు. 13 పొద్దున చెల్లెలు విజయవాడ నుంచి రైలు దిగి వచ్చింది. కిట్లు 13 మధ్యాహ్నం ఎవరో బైకు మీద వచ్చి వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళారు. బిల్లు లేదు. మామూలు కిరాణా కవర్లో పది డబ్బాలు. ముక్కోటి ఏకాదశి కదా, అమ్మ ఉపవాసం ఉంది. నేను మర్నాటికి అరిసెల పాకం పట్టే పనిలో ఉన్నాను. కవరు ఫ్రిజ్ పక్కన పెట్టేశాను, తెరిచి కూడా చూడలేదు. అప్పుడే చూసుంటే సాయంత్రం అంత టెన్షన్ పడేవాళ్ళం కాదు.

ఏడింటికి అందరం మాస్కులు పెట్టుకుని హాల్లో కూర్చున్నాం, కిటికీలన్నీ తీసే ఉంచాం. మొదట మావారు చేసుకున్నారు. కాగితంలో చెప్పినట్టే రెండు ముక్కుల్లోనూ పుల్ల తిప్పి, ట్యూబులో ముంచి, కార్డు మీద రెండు చుక్కలు వేశారు. పదిహేను నిమిషాలు చూశాం. టి (వైరస్ ఉంటే గీత వచ్చే చోటు) దగ్గరా గీత లేదు, సి (టెస్ట్ సరిగ్గా జరిగితే గీత వచ్చే చోటు) దగ్గరా లేదు. సి గీత రాకపోతే ఆ టెస్ట్ చెల్లదు. సరే ఏదో పొరపాటు అనుకుని తమ్ముడు ఇంకోటి తెరిచాడు. అదీ అంతే. మూడో డబ్బాలో ట్యూబు మూత మీద రేకు అంచు లేచిపోయి ఉంది, లోపల ద్రవం అడుగున నాలుగు చుక్కలు కూడా లేదు. నాలుగోది మరదలు ఫోన్‌లో యాప్ తెరిచి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, ఇది ఇప్పటికే వాడేసిన కిట్ అని వచ్చింది.

అప్పుడు డబ్బాను లైటు కింద పెట్టి చూశాను. ఎక్స్‌పైరీ తేదీ ఉన్నచోట తెల్ల స్టిక్కరు, దాని మీద 08/2022 అని ముద్ర. గోరుతో అంచు లేపితే మెల్లగా ఊడొచ్చింది. కింద 11/2021 అని ఉంది. మిగతావీ తీసి చూస్తే పదింట ఏడింటికి అదే స్టిక్కరు. డబ్బా మీద బ్యాచ్ నంబరు ఒకటి, లోపల పౌచ్ మీద ఇంకొకటి. అంటే ఎక్కడెక్కడివో పాత పౌచ్‌లు తెచ్చి ఈ డబ్బాల్లో సర్దారన్నమాట. అది చూసి నాకు చేతులు చల్లబడిపోయాయి. కిట్ తయారు చేసిన కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ పాపం దానిది కాదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం చెల్లెలిది. దాని గొంతు పొద్దున్నుంచి కొంచెం గరగరగా ఉందంటోంది. రైల్లో ఏసీ వల్లేమో అనుకుంది. మేం స్టిక్కర్లు చూస్తుండగానే అది తన కిట్‌తో టెస్ట్ పూర్తి చేసింది. సి దగ్గర గీత వచ్చింది, టి దగ్గర రాలేదు. "హమ్మయ్య, నెగటివ్ అక్కా" అని లేచి అమ్మ గది వైపు నడిచింది. నేను గుమ్మం దగ్గర అడ్డం నిలబడ్డాను. దాని మొహం చిన్నబోయింది. ఆ కిట్ డబ్బా మీద కూడా స్టిక్కరే ఉంది.

దయచేసి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సి గీత వచ్చిందంటే ద్రవం కార్డులో సరిగ్గా పారిందని మాత్రమే అర్థం. గడువు దాటి, ఎండలో ఉడికిన కార్డులో వైరస్‌ను పట్టే భాగం పాడైపోయినా సి గీత రావచ్చు. ఈ కిట్లను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. బైకు డిక్కీల్లో, గోడౌన్లలో ఎక్కడెక్కడ తిరిగాయో మనకేం తెలుసు? పైగా మంచి కిట్ అయినా, లక్షణాలు ఉండి నెగటివ్ వస్తే దాన్ని ఆఖరి మాటగా తీసుకోకుండా ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ టెస్ట్ చేయించుకోమని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అప్పటికే చెప్పింది. పాజిటివ్ వస్తే మాత్రం మళ్ళీ ఏ టెస్టూ అక్కర్లేదు, అది పాజిటివే.

మావారు అప్పటికప్పుడు ఆ మూడో మందుల షాపుకు పరుగెత్తారు. దేవుడి దయ, ఆ రెండు కిట్లూ ఇంకా ఉన్నాయి. 500 ఇచ్చి, బిల్లుతో తెచ్చారు. తొమ్మిదింటికి చెల్లెలు మళ్ళీ చేసుకుంది. ఆరో నిమిషానికే టి దగ్గర ముదురు గీత. ఎవరం ఏమీ మాట్లాడలేదు. వంటింట్లో అరిసెల పిండి గిన్నె అలాగే ఉంది.

చెల్లెల్ని వెనక గదిలో ఉంచాం. తమ్ముడి కుటుంబం ఆ రాత్రే పైఅంతస్తులో ఖాళీగా ఉన్న ఫ్లాట్‌కు మారింది, ఓనరు గారు తాళాలిచ్చి పుణ్యం కట్టుకున్నారు. తెల్లారి భోగి. అమ్మ తన గదిలోంచే, "దాన్ని ఒక్కదాన్నీ అలా ఉంచి మనం పొంగలి ఎలా తింటామే?" అని ఏడ్చింది. సాయంత్రం పాపకు రేగుపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర డబ్బులు అన్నీ కలిపి మరదలే పోసింది, మేం వీడియో కాల్‌లో చూశాం. అమ్మ ఇక్కడ గిన్నెలోంచి నాలుగు రేగుపళ్ళు తీసి ఫోన్ తెర మీద పోసింది. పాపకు అర్థం కాక "నానమ్మా, ఇటు పొయ్యి" అంటోంది.

పండగ భోజనానికి ఒక క్యాటరింగ్ ఆయనకు 3000 అడ్వాన్స్ ఇచ్చాం, అది పోయింది. కానీ ఆయన్ను తప్పుపట్టను. పండక్కి రెండు రోజుల లోపు రద్దు చేస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వమని ముందే మెసేజ్ పెట్టారు. మిగతా డబ్బు కూడా కట్టేస్తాం, భోజనాలు నేరుగా కింద వాచ్‌మన్ కుటుంబానికీ, ఊడ్చేవాళ్ళకీ ఇచ్చేయండి అంటే, బొబ్బట్లు నాలుగు ఎక్కువే వేసి వేడివేడిగా ఇచ్చి వెళ్ళారు. వ్యాపారం చేసేవాళ్ళందరూ ఒకేలా ఉండరని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక కిట్లు అమ్మినాయన సంగతి. ఆ రాత్రే ఫోన్ చేశాను. "మేడమ్, మీకు చేయడం రాలేదు, వంద మందికి ఇచ్చాను, ఎవరూ అనలేదు" అన్నాడు. స్టిక్కరు ఊడదీసిన ఫొటో పంపగానే నన్ను బ్లాక్ చేశాడు. గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయాడు. మర్నాడు కొత్త నంబరు నుంచి మావారికి ఫోన్ వచ్చింది. గొంతు వేరే. చాలా మర్యాదగా, "సార్, పొరపాటు జరిగింది, మీ 1900 వెనక్కి పంపుతున్నాం, యూపీఐలో రిక్వెస్ట్ వచ్చింది చూడండి, పిన్ కొట్టి యాక్సెప్ట్ చేస్తే జమ అవుతుంది" అన్నాడు. రాత్రంతా నిద్ర లేక ఉన్నారేమో, మావారు రెండంకెలు కొట్టేశారు. పక్కనుంచి మా పెద్దవాడు, పదో తరగతి, ఫోన్ లాక్కున్నాడు. తెర మీద "చెల్లించండి 19,000" అని ఉంది. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడమూ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన దగ్గర నుంచి తీసుకోవడానికే. ఇది మాకు తెలియని సంగతి కాదు. కానీ ఇంట్లో జబ్బు మనిషి ఉండి మనసు చెదిరి ఉన్నప్పుడు తెలిసినవే గుర్తుకు రావు. వాళ్ళు ఫోన్ చేసేది కూడా సరిగ్గా అలాంటి సమయం చూసుకునే.

కిట్ కొనేటప్పుడు లైసెన్సు ఉన్న మందుల షాపులోనే కొనండి, 60 రూపాయలు ఎక్కువైనా పరవాలేదు. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. డబ్బా మీద తేదీ ఉన్నచోట వేలితో తడిమి చూడండి, స్టిక్కరు ఉంటే అక్కడే వెనక్కి ఇచ్చేయండి. డబ్బా మీద నంబరూ లోపలి పౌచ్ మీద నంబరూ ఒకటేనా చూసుకోండి. ఐసీఎంఆర్ వెబ్‌సైటులో ఈ 2022 జనవరి నాటికి ఆమోదం పొందిన హోమ్ కిట్ల జాబితా ఉంది, పేరు అందులో ఉందో లేదో వెతకడానికి రెండు నిమిషాలు పట్టదు. ఎక్కువ కొంటే, చుట్టాలు రైలెక్కక ముందే ఒకటి తెరిచి చేసి చూడండి. మేం ముందే కొని అలా చేసుంటే చెల్లెలు విజయవాడలోనే ఆగిపోయేది, తమ్ముడు అంత దూరం చంటిదాన్ని వేసుకుని వచ్చేవాడు కాదు. అపార్ట్‌మెంట్ గ్రూపులు నడిపేవాళ్ళకు కూడా నా విన్నపం: మందులూ కిట్లూ అమ్ముతామనే పోస్టులను బిల్లు, షాపు చిరునామా లేకుండా ఉండనివ్వకండి.

కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1800-11-4000కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డ్రగ్స్ కంట్రోల్ అధికారులకు ఫొటోలన్నీ పెట్టి ఉత్తరం రాశాను. ఆ దొంగ ఫోన్ నంబరు కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టాం. మా కాలనీలోనే ఇంకో రెండు కుటుంబాలు ఆయన దగ్గర కొన్నాయని నిన్న తెలిసింది. వాళ్ళు నెగటివ్ చూసుకుని ఊరెళ్ళి వచ్చారు.

ఈరోజు 18వ తేదీ. చెల్లెలికి జ్వరం తగ్గి మూడు రోజులైంది, విడిగా ఉండాల్సిన ఏడు రోజులు 20వ తేదీతో నిండుతాయి. మా మిగతావాళ్ళకు లక్షణాలు లేవు. అమ్మ వయసును బట్టి ఆమెకు ఆర్టీపీసీఆర్ చేయిద్దామని డాక్టరుగారు అంటే, ల్యాబ్ అబ్బాయి పొద్దున ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళాడు. నాలుగు గంటలకోసారి ఆక్సీమీటర్ పెట్టి చూస్తున్నాను, ఆక్సిజన్ 96 దగ్గర ఉంది. రిపోర్టు రేపు వస్తుంది. ఆ పది డబ్బాలూ ఏవీ పారేయలేదు, వాడినవి సంచిలో కట్టి విడిగా, తెరవనివి విడిగా పెట్టాను. మీలో ఎవరైనా వాట్సాప్ గ్రూపుల్లో ఇలా కొని ఉంటే ఈ రాత్రే మీ డబ్బాలు తీసి తేదీ దగ్గర గోరు పెట్టి చూడండి. స్టిక్కరు ఊడితే కింద రాయండి, ఫిర్యాదులో మీ ఫొటోలు కూడా జత చేస్తాను.