బ్రామా తాళమా, చబ్ తాళమా: ఏది మేలు?

తాళం చెవి లేకుండా ఎవరూ తీయలేని తాళం ఉంటుందా? లండన్‌లో 1851లో దీనికి గట్టి పరీక్షే జరిగింది. అప్పట్లో ఇంగ్లండ్‌లో తిరుగులేనివని పేరున్న తాళాలు రెండు. ఆ వేసవిలో అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ రెంటినీ తీసేశాడు. అయినా నా దృష్టిలో రెండూ ఒకటి కావు.

జోసెఫ్ బ్రామా తన తాళానికి 1784లో పేటెంటు తీసుకున్నాడు. దాని చెవి సన్నని గొట్టం, కొసన వేర్వేరు లోతుల్లో గాట్లు. లోపలి పలకల్లో ప్రతి ఒక్కటీ తన గాటు లోతుకే దిగాలి, అప్పుడే తాళం తిరుగుతుంది. 18 పలకల తాళాన్ని పికడిల్లీలోని దుకాణం కిటికీలో పెట్టి, తీసినవాళ్లకు 200 గినీలు ఇస్తామన్నారు. దశాబ్దాల పాటు ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు.

చబ్ తాళం పుట్టుక వేరు. 1817లో పోర్ట్స్‌మత్ ఓడల రేవులో దొంగతనం జరిగాక మంచి తాళం కోసం ప్రభుత్వం పోటీ పెట్టింది. జెరెమయా చబ్ 1818లో తన డిటెక్టర్ తాళం తెచ్చాడు. లోపలి లివర్లలో, అంటే చెవి పైకి లేపే చిన్న రేకుల్లో, ఒక్కదాన్ని అవసరానికి మించి లేపినా తాళం బిగుసుకుపోతుంది. యజమాని వచ్చి చెవి తిప్పితే తిరగదు, ఎవరో చెయ్యి పెట్టారని తెలిసిపోతుంది. ఇంత తెలివైన ఆలోచన నాకు మరే తాళంలోనూ కనిపించలేదు.

హాబ్స్ చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. బ్రామా తాళానికి 16 రోజుల మీద 51 గంటలు పట్టింది.

రెండూ లొంగిపోవడానికి కారణం ఒకటే. ఇనుముతో చేసిన ఏ రెండు ముక్కలూ అచ్చంగా సమానంగా ఉండవు. తిరిగే భాగాన్ని కొద్దిగా నొక్కిపడితే లోపలివాటిలో ఏదో ఒకటి ముందుగా ఒరుసుకుంటుంది. దాన్ని సరిచేస్తే ఇంకొకటి. చేతికి ఓపిక, వేళ్లకు స్పర్శ ఉంటే చాలు. స్ప్రింగులు నొక్కిపెట్టే చిన్న పిన్నులతో పనిచేసే యేల్ తరహా తాళానికీ ఇదే బలహీనత, పైగా వాటిలో చాలావాటిని ప్రత్యేకంగా కోసిన చెవి పెట్టి తట్టి కూడా తీస్తారు. స్ప్రింగులు లేని ఫిన్లాండ్ అబ్లాయ్ తాళానికి ఆ తట్టుడు భయం లేదు. కానీ తీయడం కష్టమే తప్ప అసాధ్యం కాదు.

అందుకని తీయలేని తాళం కోసం వెతకడం మాని, ఎంతసేపు ఆపుతుందో చూడాలి. ఆ లెక్కన బ్రామాదే పైచేయి. దొంగకు 51 గంటల తీరిక ఎక్కడిది? కానీ నా ఇంటికి ఎంచుకోమంటే చబ్ వైపే మొగ్గుతాను. మనం ఊరెళ్లి వచ్చేసరికి ఎవరో ప్రయత్నించారని చెప్పే తాళం, మౌనంగా గంటలు భరించేదానికన్నా నాకు ఎక్కువ పనికొస్తుంది.

మన బజారులో దొరికే లివర్ల తాళం కప్పలకు ఆ బిగుసుకునే ఏర్పాటు సాధారణంగా ఉండదు. కొనేటప్పుడు లివర్లు ఎన్నో అడగండి, ఎక్కువున్నది తీసుకోండి. ఇంటికొచ్చాక గొళ్ళెం మరలు కూడా చూడండి. అవి బయటి నుంచి స్క్రూడ్రైవరుతో ఊడొచ్చేలా ఉంటే దొంగ మీ తాళం జోలికి వెళ్లకుండా గొళ్ళాన్నే ఊడదీస్తాడు.