టెయిల్‌వీల్ అదురుతోందా? ముందు కమాను చూడండి

మాది 1946 నాటి పైపర్ జే-3 కబ్, రెండు సీట్ల చిన్న విమానం. టెక్సస్‌లో ఒక పచ్చిక రన్‌వే పక్కన, హ్యాంగర్‌లో ఉంటుంది. ఇంజను, వేగం లాంటివి కబ్ తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. నేను రాస్తున్నది తోక కింది చక్రం గురించే. ఎనిమిది అంగుళాల గాలి టైరు, పెడల్స్‌తో తిప్పే రకం, బాగా తిప్పితే లాక్ వదిలేసి చుట్టూ తిరిగే రకం.

ఏళ్లుగా వాడుతున్నాను, ఆ లాక్ వదిలే తీరు నాకు ప్రాణం. హ్యాంగర్ ముందు ఇరుకు జాగాలో ఒక పక్క మడమ బ్రేకు నొక్కి కాస్త పవర్ ఇస్తే లోపలి పాల్ (చక్రాన్ని పట్టి ఉంచే చిన్న లోహపు కొక్కెం) గాడిలోంచి జారుతుంది, విమానం ఉన్నచోటే తిరిగేస్తుంది. నాలుగడుగులు తిన్నగా పోనిస్తే మళ్లీ టక్కున గాడిలో పడుతుంది. కిందికి దిగి తోక ఎత్తి తిప్పుకునే బాధ లేదు.

ఇంత ఇష్టమైన చక్రం మీద కూడా మధ్యలో నమ్మకం పోయింది. పక్క ఊళ్లో తారు రన్‌వే మీద దిగాను. మూడు చక్రాలూ కలిసి నేలను తాకాయి, అంతా మెత్తగానే ఉంది. తర్వాత తోక కింద గడగడ మొదలైంది. చక్రం కుడికీ ఎడమకీ కొట్టుకుంటుంటే పెడల్స్ పాదాలను తన్నాయి, ముందున్న కంపాస్‌లో అంకెలు అలుక్కుపోయాయి. పూర్తిగా ఆగేదాకా ఆ అదురు ఆగలేదు. షిమ్మీ అంటే ఇదే. చదివి తెలుసుకోవడం వేరు, వెన్నులోకి రావడం వేరు.

అందరూ చక్రాన్నే తప్పుపట్టారు. మెకానిక్ విప్పి, అరిగిన వాషర్లు మార్చి, పివట్ (చక్రం కుడిఎడమలకు తిరిగే కీలు) నట్టు సరిచేసి, రడ్డర్‌కు (తోక చుక్కానికి) కట్టిన స్ప్రింగుల్లో వదులు తీసేశాడు. పచ్చిక మీద భేషుగ్గా నడిచింది. గడ్డి మీద టైరు కాస్త జారుతుంది కాబట్టి జబ్బు బయటపడదు. మళ్లీ తారు మీద దిగగానే అదే గడగడ. చక్రం మొత్తం మార్చెయ్యమన్నారు.

అప్పుడు పక్క హ్యాంగర్‌లోని ఒక పెద్దాయన వచ్చారు. పాత విమానాలతోనే జీవితం గడిపిన మెకానిక్. చక్రం జోలికి పోలేదు. మూలమట్టం తెచ్చి చదునైన గచ్చు మీద నిలబెట్టి, నిలువుగా ఉండే పివట్ ఇరుసు పక్కన ఆనించారు. ఖాళీ విమానానికి ఇరుసు నిటారుగానే ఉంది. నన్ను వెనక సీట్లో కూర్చోమన్నారు, కబ్‌ను ఒంటరిగా నడిపేది అక్కడినుంచే కదా. నేను కూర్చోగానే ఇరుసు పైభాగం ముక్కు వైపు వాలింది. కళ్లకు కనిపించేంత వాలు.

లోపం చక్రాన్ని తోకకు కలిపే కమానులో ఉంది. లారీకి ఉండే కమాను కట్టల్లాంటివే ఇవీ. ఏళ్ల తరబడి తోక బరువు మోసి వంపు పోగొట్టుకున్నాయి. కమాను చదునైతే దాని వెనక కొస పైకి లేస్తుంది, దాంతోపాటు ఇరుసు ముందుకు వాలుతుంది. అప్పుడు ఇరుసు గీత నేలను తాకే చోటు, టైరు తాకే చోటుకు దగ్గరవుతుంది. చక్రం ఇరుసు వెనకాల ఈడ్చుకుంటూ రావలసిన దూరం తగ్గిపోతుంది. దాన్ని తిన్నగా నడిపించేది ఆ దూరమే. కొత్త కమాను వేయించాక, బరువు మీద కూడా ఇరుసు పైభాగం రవ్వంత వెనక్కే ఉంటోంది. తారు మీద ఆ గడగడ మళ్లీ రాలేదు. టైరులో గాలి తగ్గినప్పుడు మాత్రం చిన్న వణుకు వస్తుంది, గాలి పెడితే పోతుంది.

అమెరికాలో టైరు మార్చడం, బేరింగులు కడిగి గ్రీజు పెట్టడం యజమాని పైలట్ చేసుకోవచ్చు, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లోని పార్ట్ 43 అపెండిక్స్ ఎ ఒప్పుకుంటుంది. కమాను పని మాత్రం ఏ అండ్ పీ మెకానిక్‌దే (విమానం బాడీ, ఇంజను పనులకు లైసెన్సు ఉన్నవాడు), లాగ్‌బుక్‌లో ఆయన సంతకం పడాలి.

ఈ చక్రానికి గ్రీజు గన్ ఉంటే చాలని కొత్తలో అందరికీ చెప్పేవాణ్ణి. పొడి నేల మీద అది నిజమే. నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొడితే సరిపోతుంది. వానలయ్యాక మాత్రం విప్పాలి. చక్రం తిరిగే ఇరుసుకు గడ్డి పోగులు తాడులా చుట్టుకుని ఉంటాయి, గ్రీజులో ఇసుక చేతికి గరగరమంటుంది. ఆ ఇసుకే పాల్ అంచులను గుండ్రంగా అరగదీస్తుంది. అరిగిన పాల్ అక్కర్లేనప్పుడు, దిగి పరిగెత్తే వేళ, వదిలేస్తే విమానం గిర్రున తిరిగిపోతుంది.

నాది తేలిక విమానం, ఎక్కువగా ఒంటరిగా ఎగురుతాను, తారు మీదికి ఎప్పుడో గానీ పోను. బరువైన సెస్నా 180 విమానం ఉన్నవాళ్లు, గులకరాళ్ల మీద దిగేవాళ్లు నా మాట పట్టుకుని ఈ చక్రం కొనకండి, వాళ్ల అవసరం వేరు. నా కబ్‌కు మాత్రం ఇదే ఉంటుంది. వచ్చే ఆన్యువల్‌లో (ఏడాదికోసారి చేసే తనిఖీలో) పాల్ మార్చమని ఇప్పటికే చెప్పి ఉంచాను.